సూరత్ న్యాయ కళాశాల - పట్టభద్రుల పరంపర

తాపీ నదీతీరాన వెలసిన సూరత్ నగరం పేరు చెప్పగానే జరీ అంచులు, వజ్రాల సాన, మరమగ్గాల మోత స్ఫురించడం సహజం. మొగలుల కాలంలో మక్కా యాత్రికులు ఓడలెక్కిన రేవు ఇదే. ఆంగ్లేయుల వర్తక కోఠీ వెలసినదీ ఇక్కడే. అయితే వర్తకం వర్ధిల్లిన చోట వివాదాలు కూడ వర్ధిల్లుతాయి. హుండీ మీద పైకం చెల్లలేదనీ, ఓడలో ఎక్కించిన సరకు తడిసిపోయిందనీ, భాగస్వామి లెక్కలు చూపలేదనీ తగవులు వచ్చినప్పుడు వాటిని విని తీర్చగలవారు కావాలి. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో బొంబాయి ప్రెసిడెన్సీకి ఉన్నత న్యాయస్థానమైన సదర్ అదాలతు కొంతకాలం సూరత్‌లోనే కొలువుతీరి, ఆ తరువాత బొంబాయికి తరలిపోయింది. అదాలతు వెళ్ళిపోయినా వ్యాజ్యాలు మాత్రం ఈ నగరాన్ని విడిచిపోలేదు.

ఇటువంటి నగరంలో న్యాయశాస్త్రం చెప్పే కళాశాల మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. బొంబాయిలో న్యాయశాస్త్ర తరగతులు 1855లోనే మొదలైనాయి. మద్రాసు న్యాయ కళాశాల 1891లో ఏర్పడింది. సూరత్ విద్యార్థి వకీలు కావాలంటే సుమారు 260 కిలోమీటర్ల దూరంలోని బొంబాయికి వెళ్ళి, అక్కడి బస, భోజనాల ఖర్చు భరించవలసి వచ్చేది. అందువల్ల ఆ చదువు భూస్వాముల, వర్తకుల, పెద్ద ఉద్యోగుల బిడ్డలకే దక్కేది. 1912లో నగర ప్రముఖులు స్థాపించిన సార్వజనిక విద్యా సంఘం ఈ పరిస్థితిని క్రమంగా మార్చింది. 1918లో ఎం. టి. బి. కళాశాల, 1935లో న్యాయ కళాశాల ఏర్పడినాయి. ఆ న్యాయ కళాశాలే నేడు వి. టి. చోక్సీ సార్వజనిక న్యాయ కళాశాల అనే పేరుతో ప్రసిద్ధమైనది. బంగారం, వెండి వన్నెను పరీక్షించి చెప్పేవానిని గుజరాతీలో చోక్సీ అంటారు. అది ఇంటిపేరే అయినా, సాక్ష్యాలను గీటురాయి మీద గీసి చూసే విద్య నేర్పే సంస్థకు చక్కగా అమరింది.

ఈ కళాశాల తొలుత బొంబాయి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండి, స్వాతంత్ర్యానంతరం గుజరాత్ విశ్వవిద్యాలయ పరిధిలోకి వచ్చింది. 1965 నాటి శాసనం ద్వారా దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఏర్పడిన పిమ్మట దాని ఛత్రం కిందికి చేరింది. సూరత్‌లో జన్మించి, గుజరాతీ భాషకు 'నర్మకోశ్' అనే నిఘంటువును సమకూర్చిన కవి నర్మద్ (1833-1886) పేరును 2004లో ఆ విశ్వవిద్యాలయానికి పెట్టారు. మాటల అర్థాలను నిర్ణయించడమే న్యాయవాది పనిలో సగభాగం కనుక, నిఘంటుకారుని పేరుగల విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదవడం ఒక విశేషమే.

కళాశాల స్థాపనకు ఏడేళ్ళ ముందు సూరత్ జిల్లాలోనే జరిగిన ఒక ఘట్టాన్ని ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. 1928లో బార్డోలీ తాలూకా రైతులు పెంచిన భూమిశిస్తును చెల్లించ నిరాకరించి, వల్లభభాయి పటేల్ నాయకత్వాన సత్యాగ్రహం సాగించిన సంగతి పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. ఆ పుస్తకాలు సాధారణంగా విజయంతో ఆగిపోతాయి. ఆ పైన జరిగినది న్యాయశాస్త్ర విద్యార్థులకు మరింత ఆసక్తికరమైనది. ప్రభుత్వం బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులతో విచారణ సంఘాన్ని నియమించింది. ఈ బ్రూమ్‌ఫీల్డే 1922లో అహమ్మదాబాదులో గాంధీజీకి రాజద్రోహ నేరం కింద శిక్ష విధించిన న్యాయమూర్తి. రైతుల పక్షాన ఆ సంఘం ఎదుట వాదించినవారు దక్షిణ గుజరాత్‌కే చెందిన ప్రముఖ న్యాయవాది భూలాభాయి దేశాయి. పొలాల కౌళ్ళు ఎంత, అమ్మకపు ధరలు ఎంత, శిస్తు నిర్ణయించిన అధికారి లెక్కలలో ఏవి నమ్మదగినవి అనే ప్రశ్నల మీద వాదం నడిచింది. ప్రభుత్వం 22 శాతంగా నిర్ణయించిన పెంపు చివరకు సుమారు 6 శాతానికి దిగివచ్చింది. సత్యాగ్రహం విచారణకు దారి తెరచింది. విచారణలో గెలిపించినవి దస్తావేజులు, లెక్కలు, ఓపికగల అడ్డుప్రశ్నలు. జిల్లా పట్టణంలో న్యాయ కళాశాల ఎందుకు ఉండాలో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అవసరం లేదు.

జిల్లా పట్టణపు న్యాయ కళాశాల నడిచే తీరు ఇతర కళాశాలల తీరువంటిది కాదు. చాలాచోట్ల పాఠాలు చెప్పేవారిలో పలువురు అదే పట్టణపు కోర్టులలో వృత్తి సాగించే న్యాయవాదులే. అందుచేత తరగతులు కోర్టువేళలకు ముందో తరువాతో జరిగే పద్ధతి ఏర్పడింది. గుమాస్తాగా, ఉపాధ్యాయునిగా పగలు పనిచేసుకుంటూ చదివే విద్యార్థికి ఇది వరం వంటిది. ఉదయం ఒప్పందాల చట్టం బోధించిన అధ్యాపకుడు మధ్యాహ్నం నల్లకోటు ధరించి ఒప్పంద భంగం దావాలోనే వాదిస్తూ కనిపిస్తాడు. ఈ ఏర్పాటులో లోపం కూడ లేకపోలేదు. పెద్ద కేసు తగిలిన రోజున తరగతి గది ఖాళీగా ఉండిపోతుంది. పాఠ్యగ్రంథం పూర్తికాకముందే పరీక్షలు వచ్చిపడతాయి. పరిశోధన అనేది పేరుకు మాత్రమే మిగులుతుంది.

ఇటువంటి కళాశాలలో 'పూర్వ విద్యార్థి' అనే మాటకు కూడ వేరే అర్థం ఉన్నది. ఇంజనీరింగు పట్టభద్రుడు చదువు ముగిశాక ఏ దూరప్రాంతానికో వెళ్ళిపోవచ్చు. ఏడాదికొకసారి సమ్మేళనానికి వచ్చి ఫోటో దిగి పోవచ్చు. న్యాయ పట్టభద్రుడు సాధారణంగా తన జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటాడు. అతని సీనియరు, ప్రత్యర్థి పక్షపు వకీలు, నోటరీ, ప్రభుత్వ న్యాయవాది, ఒక్కొక్కప్పుడు బల్లమీద కూర్చున్న న్యాయాధికారి కూడ అదే కళాశాలలో చదివినవారై ఉండవచ్చు. కనుక ఇక్కడ పూర్వ విద్యార్థి సమాజం అంటే సంవత్సరానికి ఒక పూట సభ కాదు, ప్రతిదినం కొలువుదీరే బార్ అసోసియేషనే. దీనివల్ల కొత్తవారికి ఆశ్రయం దొరుకుతుంది. పరిచయం లేని కుటుంబాల నుండి వచ్చినవారికి అదే గోడగానూ మారవచ్చు.

కళాశాలలు ఏటేటా ప్రకటించే నివేదికలలో ఉత్తీర్ణుల శాతం, విశ్వవిద్యాలయ ప్రథమ స్థానాలు, నమూనా న్యాయస్థాన పోటీలలో గెలిచిన కప్పులు, విచ్చేసిన ముఖ్య అతిథుల పేర్లు క్రమం తప్పక కనబడతాయి. ఇవన్నీ సంతోషించదగినవే. నమూనా న్యాయస్థానం నిజంగా పనికివచ్చే శిక్షణ. ఒకే విద్యార్థి ఉదయం వాది పక్షాన, సాయంత్రం ప్రతివాది పక్షాన అవే సంగతుల మీద వాదించవలసి రావడం వల్ల, ఎదుటివాని వాదంలోని బలాన్ని గౌరవించడం అలవడుతుంది. కాని నివేదికలలో తరచు కనిపించని లెక్కలు కొన్ని ఉన్నవి. పట్టా పుచ్చుకున్నవారిలో ఎందరు సన్నదు తీసుకున్నారు? అయిదేళ్ళ తరువాత ఎందరు వృత్తిలో నిలిచారు? స్త్రీలెందరు? వారి కుటుంబాలలో తొలిసారి నల్లకోటు వేసుకున్నవారెందరు? న్యాయసహాయ కేంద్రానికి వచ్చిన అర్జీలలో ఎన్ని పరిష్కారమైనాయి? సూరత్ అయినా, గుంటూరు అయినా, ఏ న్యాయ కళాశాల వార్షిక సాఫల్యాన్నైనా తూచవలసిన తూనికరాళ్ళు ఇవే.

న్యాయసహాయం విషయంలో గుజరాత్ దేశానికి దారి చూపిన రాష్ట్రాలలో ఒకటి. 1970లో ఆ రాష్ట్ర ప్రభుత్వం, ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తి పి. ఎన్. భగవతి అధ్యక్షతన పేదలకు న్యాయసహాయం గురించి ఒక సంఘాన్ని నియమించింది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేరింది. ఆర్థిక కారణాల వల్ల ఏ పౌరునికీ న్యాయం దక్కకుండా పోరాదని ఆ అధికరణం రాజ్యానికి నిర్దేశించింది. 1982 మార్చిలో నాటి జునాగఢ్ జిల్లాలోని ఊనాలో లోక్ అదాలత్ జరిగింది. 1987లో న్యాయసేవా అధికార సంస్థల చట్టం వచ్చి, 1995 నవంబరు 9 నుండి అమలయింది.

అంతకు ఎంతో ముందే, వడోదర ప్రాంతపు ఆదివాసీ పల్లె రంగపూర్‌లో హరివల్లభ్ పరీఖ్ ఆశ్రమం నెలకొల్పి, గ్రామస్తుల తగవులను బహిరంగంగా విని రాజీ కుదిర్చే పద్ధతిని నడిపారు. దానిని అధ్యయనం చేసిన న్యాయశాస్త్రవేత్త ఉపేంద్ర బక్షీ 1976లో ప్రకటించిన వ్యాసానికి పెట్టిన శీర్షికలో రెండు మాటలున్నవి: తకరారు, కరారు. తగవు నుండి ఒడంబడిక వరకు అని భావం. మథుర కేసు తీర్పును విమర్శిస్తూ 1979లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాసిన నలుగురు ఆచార్యులలో ఆయన ఒకరు. అత్యాచార చట్టాల సవరణకు ఊపునిచ్చిన లేఖ అది. అటువంటి వ్యక్తి 1982 నుండి 1985 వరకు సూరత్‌లోని దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. న్యాయశాస్త్ర ఆచార్యుడొకరు సర్వశాఖల విశ్వవిద్యాలయానికి సారథ్యం వహించడం మన దేశంలో తరచు జరిగే సంగతి కాదు.

తకరారు, కరారు అనే మాటలు తెలుగు పాఠకునికి కొత్తవా? ఎంతమాత్రం కావు. తకరారు పెట్టడం, కరారునామా రాయించడం మన పల్లెలలోనూ ఉన్న వాడుకలే. వకీలు, దావా, జామీను, జప్తు, ఫిర్యాదు, హాజరు, దస్తావేజు అనే మాటలు స్వల్ప భేదంతో గుజరాతీ కోర్టులోనూ, తెలుగు కోర్టులోనూ వినిపిస్తాయి. పారసీ, అరబ్బీ భాషల నుండి పాలనావ్యవహారాల ద్వారా వచ్చిన ఈ పదజాలం, వేర్వేరు భాషాకుటుంబాలకు చెందిన రెండు భాషలను కచేరీ గుమ్మంలో కలిపింది. ఒక చిన్న చిక్కు మాత్రం ఉన్నది. మనం కేసు 'వాయిదా' పడిందంటాము. గుజరాతీలో 'వాయ్‌దో' అంటే మాట ఇవ్వడం, గడువు ఒప్పుకోవడం. కోర్టు వాయిదాకు వారు వాడే మాట 'ముదత్'. తెలుగు కక్షిదారు వాయిదా అనగానే, ఎవరో ఏదో వాగ్దానం చేశారని గుజరాతీ గుమాస్తా అనుకునే ప్రమాదం లేకపోలేదు.

ఈ ముచ్చట ఊరకే చెప్పినది కాదు. సూరత్‌లో తెలుగువారు వేలసంఖ్యలో ఉన్నారు. తెలంగాణ జిల్లాల నుండి, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాల నుండి, చేనేతకు ఆదరువు తగ్గినకొద్దీ షోలాపూరుకు, భివండీకి, సూరత్‌కు వలసలు సాగినాయి. అక్కడి నగరపాలక విద్యా సమితి గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలలోను, తెలుగు మాధ్యమంలోను కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. మరమగ్గం మీద పనిచేసేవానికి తరచు మీటరు లెక్కన కూలి. నియామక పత్రం ఉండదు. ప్రమాదంలో వేలు తెగితే తాను ఎవరి వద్ద పనిచేస్తున్నాడో రుజువు చేసుకోవడమే మొదటి కష్టం. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతిలో దానిని విలీనం చేశారు. చట్టం ఏ పేరుతో ఉన్నా, దానిని అర్జీగా మార్చి సరియైన కార్యాలయంలో దాఖలు చేయడానికి చదువుకున్న మనిషి కావాలి. ఆ మనిషికి కార్మికుని భాష కూడ తెలిసి ఉంటే పని సగం అయినట్లే. మగ్గం కార్మికుని ఇంట పుట్టి, తెలుగు బడిలో అక్షరాలు దిద్ది, గుజరాతీలో పై చదువు సాగించిన యువతి లేక యువకుడు న్యాయ పట్టభద్రులైతే, జిల్లా కోర్టుకు మూడు భాషల న్యాయవాది దొరికినట్లు.

భాషను గురించి మరికొంత చెప్పుకోవాలి. గుజరాత్ దిగువ న్యాయస్థానాలలో గుజరాతీ వ్యవహారభాష. ఉన్నత న్యాయస్థానంలో మాత్రం, రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం, ఆంగ్లం. రాష్ట్రపతి సమ్మతితో గవర్నరు హిందీని గాని రాష్ట్ర అధికార భాషను గాని ఉన్నత న్యాయస్థాన వ్యవహారాలలో అనుమతించవచ్చు. ఆ వెసులుబాటు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ రాష్ట్రాలకు హిందీ విషయంలో లభించింది. తమిళనాడు, గుజరాత్ మొదలైన రాష్ట్రాలు తమ భాషలకు అదే కోరినప్పుడు ఆమోదం దొరకలేదు. అందువల్ల గుజరాతీలో సాక్షిని ప్రశ్నించగలిగిన సూరత్ న్యాయవాది, అదే కేసు అప్పీలుకు వెళ్ళేటప్పటికి కాగితాలన్నిటికీ ఆంగ్లానువాదం సిద్ధం చేసుకోవాలి. గుంటూరు న్యాయవాది స్థితి కూడ ఇదే.

హైదరాబాదు చరిత్ర దీనికి భిన్నమైన ఉదాహరణను చూపుతుంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరేవరకు న్యాయశాస్త్రంతో సహా ఉన్నత విద్యను ఉర్దూలోనే బోధించింది. అందుకు కావలసిన గ్రంథాలను, పారిభాషిక పదాలను తయారుచేయడానికి అనువాద సంస్థనే నెలకొల్పారు. భారతీయ భాషలో న్యాయశాస్త్రం చెప్పడం అసాధ్యమనే వాదానికి అది ఆచరణలోనే సమాధానం. అయితే రాష్ట్ర ప్రజలలో అధికసంఖ్యాకుల మాతృభాష ఆ భాష కాకపోవడం వేరే సంగతి. ఉస్మానియా న్యాయ పట్టభద్రులలో బి. పి. జీవన్ రెడ్డి, బి. సుదర్శన్ రెడ్డి సుప్రీంకోర్టు న్యాయమూర్తులైనారు. 1945లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల నుండి న్యాయమూర్తి జాస్తి చలమేశ్వర్, ఉపరాష్ట్రపతి పదవి నిర్వహించిన ఎం. వెంకయ్యనాయుడు వంటివారు వచ్చారు. 2019 నుండి సుప్రీంకోర్టు తన తీర్పులలో కొన్నిటిని తెలుగుతో సహా పలు భారతీయ భాషలలోకి అనువదింపజేస్తున్నది. యంత్రం చేసిన అనువాదాన్ని మనిషి సరిచూడక తప్పడం లేదు. అనువాదకులకు ఇది ఊరట కలిగించే వార్తే.

పేద కుటుంబపు పట్టభద్రునికి అసలు పరీక్ష పట్టా చేతికి వచ్చిన మరునాడు మొదలవుతుంది. 1961 నాటి న్యాయవాదుల చట్టం ప్లీడరు, వకీలు, ముఖ్తారు అనే పాత తరతమ భేదాలను తొలగించి, 'అడ్వొకేటు' అనే ఒకే శ్రేణిని ఏర్పరచింది. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు ఆ చట్టం నిర్ణయించిన రుసుము 750 రూపాయలు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి 125 రూపాయలు. కాని రాష్ట్రాల బార్ కౌన్సిళ్ళు సంక్షేమ నిధి, గ్రంథాలయం, గుర్తింపు పత్రం వంటి పేర్లతో వేలకు వేలు వసూలు చేయసాగినాయి. ఒరిస్సాలో ఈ మొత్తం 40,000 రూపాయలు దాటింది. 2024 జులై 30న సుప్రీంకోర్టు, చట్టం చెప్పినదానికి మించి నమోదు సమయంలో ఒక్క రూపాయి కూడ తీసుకోరాదని తీర్పు చెప్పింది. అంత పైకం ముందుగా కట్టమనడం బలహీన వర్గాలవారికి వృత్తి ద్వారాన్ని మూసివేయడమేనని ఆ తీర్పు సారాంశం. తీర్పు చెప్పిన ధర్మాసనంలో ప్రధాన న్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్‌తో పాటు కూర్చున్నవారు న్యాయమూర్తి జె. బి. పార్దీవాలా. ఆయన 1988లో దక్షిణ గుజరాత్‌లోని వల్సాడ్ పట్టణపు న్యాయ కళాశాలలో పట్టా పొంది, ఆ ఊరి కోర్టులోనే వృత్తి ప్రారంభించినవారు. ఆయనది తరతరాల న్యాయవాద కుటుంబం కావచ్చు. కాని చిన్న పట్టణపు కళాశాల నుండి సుప్రీంకోర్టు వరకు బాట ఉన్నదనడానికి ఆయన జీవితం నిదర్శనం.

నమోదు రుసుము తగ్గినంత మాత్రాన కష్టం తీరదు. జూనియరు న్యాయవాదికి తొలి సంవత్సరాలలో చేతికి వచ్చేది బహు స్వల్పం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త న్యాయవాదులకు మొదటి మూడేళ్ళు నెలకు 5,000 రూపాయల భృతి పథకాన్ని ప్రారంభించింది. 2024 అక్టోబరులో భారత బార్ కౌన్సిల్, సీనియర్లు తమ జూనియర్లకు నగరాలలో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాలలో 15,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలని సూచించింది. అది సూచన మాత్రమే, శాసనం కాదు. ఇంతలో 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పదవికి పోటీపడేవారికి మూడేళ్ళ న్యాయవాద అనుభవం ఉండాలన్న నిబంధనను పునరుద్ధరించింది. కోర్టు ముఖం చూడని పట్టభద్రుడు తీర్పులు చెప్పడం సమంజసం కాదన్న వాదంలో నిజం ఉన్నది. ఆ మూడేళ్ళు ఇల్లు గడిచేదెట్లా అన్న కార్మికుని కుమార్తె ప్రశ్నలోనూ అంతే నిజం ఉన్నది. ఇక్కడే పూర్వ విద్యార్థుల సమాజానికి చేతినిండా పని ఉన్నది. కొత్తవారిని సీనియర్ల కార్యాలయాలలో చేర్చడం, పుస్తకాలు అరువివ్వడం, చిన్నమొత్తపు భృతినిధి పెట్టడం వంటివి ఏ జిల్లా బార్‌కైనా శక్తికి మించినవి కావు.

పాతవారికి కొత్తవారి అవసరం కూడ ఈ మధ్య కలిగింది. 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి రావడంతో, నలభై ఏళ్ళుగా నోటికి వచ్చిన సెక్షన్ల సంఖ్యలు తారుమారైనాయి. హత్యకు 302 పోయి 103 వచ్చింది. మోసానికి మారుపేరుగా జనం నోట నానిన 420 స్థానంలో 318(4) వచ్చింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 482 అంటే ఉన్నత న్యాయస్థానపు సహజాధికారాలు. కొత్త సంహితలో అదే 482 ముందస్తు జామీనుకు చెందినది. సహజాధికారాలు 528కి మారినాయి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు శిక్షాస్మృతి పాతదే వర్తిస్తుంది కనుక, ఒకే ఉదయం ఒకే కోర్టు గదిలో రెండు సంపుటాలూ తెరచి ఉంచుకోవలసి వస్తున్నది. పాత సంపుటం సీనియరు చేతికి అలవాటు, కొత్తది తరగతిలో చదువుకొని వచ్చిన జూనియరుకు అలవాటు.